స్కోరు చెప్పకండి

బీబీసీలో శనివారం రాత్రి వార్తలయ్యాక ఫుట్‌బాల్ హైలైట్స్ వస్తాయి. 1964లో మొదలైన ఆ కార్యక్రమం పేరు 'మ్యాచ్ ఆఫ్ ద డే'. దానివల్ల వార్తలవాళ్ళకి ఒక చిక్కొచ్చి పడింది. మధ్యాహ్నం ఆడిన మ్యాచ్‌ల స్కోర్లు చెప్పకపోతే అవి వార్తలు కావు. చెబితే, సాయంత్రమంతా రేడియో కట్టేసి, పక్కింటివాణ్ణి తప్పించుకుని, సరిగ్గా హైలైట్స్ టైముకి సోఫాలో కూలబడ్డవాడి నోట్లో మట్టి కొట్టినట్టు. దానికి వాళ్ళు కనిపెట్టిన ఉపాయం చాలా చిన్నది. స్కోరు తెలుసుకోవడం ఇష్టం లేనివాళ్ళు కాసేపు అటు తిరగండి అని ఒక ముక్క చెప్పడం, ఆ తర్వాత స్కోర్లని పైకి చదవకుండా తెరమీద వేసి ఊరుకోవడం. ఇంగ్లండ్‌లో ఆ మాట దాదాపు సామెత అయిపోయింది.

నాకు ఆ మాటంటే ఇష్టం. ఒకే గదిలో, ఒకే సోఫా మీద కూర్చున్న ఇద్దరు రెండు వేరువేరు కాలాల్లో ఉండొచ్చని ఒప్పుకున్న మాట అది. ఒకడికి మ్యాచ్ అయిపోయింది. ఇంకొకడికి ఇంకా మొదలవలేదు. ఇద్దరూ టీవీ లైసెన్స్ ఫీజు కట్టినవాళ్ళే. ఎవరి కాలాన్ని వాళ్ళకి వదిలేసి, ఆ పది సెకన్లు గొంతు తగ్గించడం.

స్పోర్ట్స్ స్పాయిలర్ల గురించి ఇప్పుడు జరిగే గొడవంతా గంటల లెక్క మీద నడుస్తోంది. మ్యాచ్ అయ్యాక ఎంతసేపు ఆగాలి? పన్నెండు గంటలా, ఒక రోజా? స్టేటస్‌లో పెట్టొచ్చా, గ్రూపులో పెట్టకూడదా? ఈ లెక్కలు నాకెప్పుడూ తేలవు. అసలు పోయిందేమిటో చూడకుండా నష్టపరిహారం కడుతున్నట్టుంటుంది. పోయేదేమిటి అన్న ప్రశ్నకి నాకు దొరికినవాటిలో మంచి జవాబు ఒక పాత కామెడీ సీరియల్లో ఉంది.

1973లో అదే బీబీసీలో వచ్చిన 'వాటెవర్ హాపెన్డ్ టు ద లైక్లీ లాడ్స్?' అది. రాసింది డిక్ క్లెమెంట్, ఇయాన్ లా ఫ్రెనే. ఎపిసోడ్ పేరు 'నో హైడింగ్ ప్లేస్'. బాబ్, టెర్రీ ఇంగ్లండ్ ఈశాన్యపు మూల పనివాళ్ళ పేటల్లో కలిసి పెరిగిన స్నేహితులు. ఆ రోజు ఇంగ్లండ్ జట్టు బల్గేరియాలో ఆడుతోంది. హైలైట్స్ రాత్రికి. అప్పటిదాకా స్కోరు చెవిన పడకుండా బతకాలని ఇద్దరి పట్టుదల. ఫ్లింట్ అని తెలిసినవాడొకడు 'మీవల్ల కాదు' అని పందెం కట్టి, స్కోరు పట్టుకుని వాళ్ళ వెంట పడతాడు. అరగంట ఎపిసోడ్, అంతే కథ.

(ఆ ఎపిసోడ్ చివర ఏమవుతుందో ఇప్పుడు చెప్పబోతున్నాను. యాభయ్యేళ్ళు దాటిపోయింది కాబట్టి చెప్పే హక్కు వచ్చేసిందని నేననుకోను. చెప్పకుండా దీని గురించి మాట్లాడ్డం కుదరట్లేదు. ఇష్టం లేనివాళ్ళు కాసేపు అటు తిరగండి.)

దాంట్లో గొప్ప ముక్క ఒకటుంది. పేపర్ హెడ్‌లైన్ ఒకటి సగం కంటపడుతుంది. 'ఇంగ్లండ్' అన్న మాట, దాని పక్కన 'ఎఫ్' అన్న అక్షరం. మిగతాది కనపడదు. ఇంక ఆ ఒక్క అక్షరం పట్టుకుని వాళ్ళ బుర్ర తిరగడం మొదలవుతుంది. ఎఫ్ అంటే ఫెయిలా? ఫైవా? ఐదు గోల్స్ కొట్టారా, ఐదు గోల్స్ తిన్నారా? తెలుసుకోకూడదని నిర్ణయించుకున్న క్షణం నుంచి లోకమంతా పుస్తకమైపోతుంది. ఎదురొచ్చినవాడి మొహం చదవాల్సిందే. ఒక నిట్టూర్పు, ఒక ఈల, పబ్‌లోంచి వచ్చే గోల, గోల లేకపోవడం - అన్నిట్లోనూ స్కోరుంటుంది. సంకేతశాస్త్రం మీద లావుపాటి పుస్తకాలు చదివి నేను ఎక్కించుకోలేకపోయినది ఆ ఎఫ్ అక్షరం దగ్గర ఇట్టే ఎక్కేసింది.

ఇప్పుడు ఆ అక్షరాలు ఎక్కువైపోయాయి. యూట్యూబ్‌లో టెన్నిస్ ఫైనల్ హైలైట్స్ పెట్టుకున్నారనుకోండి, వీడియో నిడివి చూస్తే చాలు, మ్యాచ్ మూడు సెట్లలో తేలిందో ఐదు సెట్లు పోయిందో తెలిసిపోతుంది. టెస్ట్ మ్యాచ్ నాలుగోరోజు వీడియో ఉండి ఐదోరోజుది లేకపోతే ఇంక చెప్పేదేముంది. జేన్ ఆస్టిన్ 'నార్తాంగర్ ఆబీ' చివర్లో, ఇంక కొద్ది పేజీలే మిగిలాయి కాబట్టి అంతా సుఖాంతమవుతుందని పాఠకులకి ఈపాటికి తెలిసిపోయుంటుందని తనమీద తనే ఒక విసురు విసురుకుంటుంది. వీడియో కింద పాకే ఆ ఎర్ర గీత అదే పని చేస్తుంది, కాకపోతే ఆస్టిన్ పాటి హాస్యం దానికి లేదు.

మనుషులైతే ఇంకా ఘోరం. "స్కోరు చెప్పనులే, కానీ చివరిదాకా చూడు." అయిపోయింది. చివరిదాకా చూడాల్సినంత మలుపు చివర్లో ఉందన్నమాట. "చూడకపోయినా పర్లేదు." ఓడిపోయాం. "చూశాక ఫోన్ చెయ్." గెలిచాం, బహుశా ఆఖరి ఓవర్లో. చెప్పనంటూ చెప్పేవాళ్ళని చూస్తే, ఏ ముసుగూ లేకుండా స్కోరు మొహాన కొట్టేవాడే నయమనిపిస్తుంది. వాడికి కనీసం ఆ రహస్యాన్ని చప్పరించే సరదా లేదు.

ఎపిసోడ్ ముగింపు ఏమిటంటే, ఎఫ్ అంటే ఫ్లడ్. మైదానమంతా నీళ్ళు నిలిచి మ్యాచ్ రద్దయింది. రోజంతా ప్రాణంలా కాపాడుకున్న రహస్యం అసలు లేనే లేదు. ఇది చూసి, ఫలితానికి అంత విలువ ఇవ్వడం ఎంత వెర్రితనమో చూపించారని చెప్పేయడం తేలిక. నాకలా అనిపించదు. ఈ సీరియల్ మొత్తం దేని గురించో గుర్తుపెట్టుకుని చూడాలి. టెర్రీ ఐదేళ్ళు సైన్యంలో ఉండి తిరిగొచ్చాడు. ఈలోపల బాబ్ మారిపోయాడు. మంచి ఉద్యోగం, థెల్మాతో పెళ్ళి, కొత్త ఇల్లు. ఇద్దరి మధ్యా కలవడానికి పాత జ్ఞాపకాలు తప్ప పెద్దగా ఏమీ మిగల్లేదు. ఆ ఒక్క రోజు మాత్రం ఇద్దరికీ ఒకే పని, ఒకే భయం, ఒకే గడువు. ఇద్దరికీ తెలియనిది ఒకటే. మ్యాచ్ లేకపోయినా ఆ రోజు ఉంది. కలిసి తెలియకుండా ఉండడం కూడా ఒక స్నేహమని క్లెమెంట్, లా ఫ్రెనేలకి తెలుసు. వాళ్ళా మాట ఎక్కడా పైకి అనిపించరు, అందుకే అది ఇప్పటికీ పాతబడలేదు.

స్పాయిలర్‌తో పోయేది సమాచారం కాదు. ఎవరితో కలిసి ఒకే కాలంలో ఉన్నామన్నది పోతుంది.

ఇక్కడ మన సంగతి చెప్పాలి, ఎందుకంటే మన మర్యాద చాలాకాలం దీనికి సరిగ్గా తలకిందులుగా ఉండేది. ట్రాన్సిస్టర్ రోజుల్లో స్కోరు చెప్పడమే మర్యాద. కిళ్ళీకొట్టు దగ్గర, బస్టాండులో, ఆఫీసు వరండాలో, చెవి దగ్గర ట్రాన్సిస్టర్ పెట్టుకున్నవాడు కనపడితే ముక్కూమొహం తెలియనివాడైనా ఆగి "స్కోరెంతండీ?" అని అడిగేవాడు. వాడూ విసుక్కోకుండా చెప్పేవాడు. ఒట్టి అంకెలు కాదు, ఎవరు ఆడుతున్నారు, ఎవరు పోయారు, ఇంకా ఎంత కొట్టాలి, అన్నీ. ఆ నాలుగు ముక్కలతో అడిగినవాడు కూడా మ్యాచ్‌లోకి వచ్చేసినట్టే. చెప్పకపోవడం పొగరు కింద లెక్క. అప్పుడు స్కోరు చెప్పినవాడు మనల్ని వర్తమానంలోకి లాగాడు. ఇప్పుడు స్కోరు చెప్పినవాడు మన వర్తమానంలోంచి మనల్ని బయటికి గెంటుతున్నాడు. చేసిన పని ఒకటే. మధ్యలో మారింది రికార్డింగులు, ఓటీటీలు, టైమ్ జోన్లు.

ఇది అర్థమయ్యాక మా పెదనాన్న మీద నాకు కోపం పోయింది. డెబ్భై దాటిన మనిషి, మా ఇంటి వాట్సాప్ గ్రూపుకి ఆయనే ఆకాశవాణి. ఆఖరి బంతి పడీ పడకముందే స్కోరు, పక్కన జెండా, పక్కన చేతులు జోడించిన బొమ్మ. గ్రూపులో సగంమంది అమెరికాలో ఉన్నారు. ఐపీఎల్ ఇక్కడ రాత్రి ఏడున్నరకి మొదలైతే డాలస్‌లో పొద్దున్న తొమ్మిది, మీటింగుల వేళ. సాయంత్రం ఇంటికెళ్ళి చూద్దామనుకున్నవాళ్ళకి లంచ్ టైముకే అన్నీ తెలిసిపోతాయి. "పెదనాన్నా, పెట్టకండి" అని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. ఎలా చెప్తాం? ఆయన దృష్టిలో దూరాన ఉన్న పిల్లలకి స్కోరు చేరవేయడం అంటే అప్పట్లో బస్టాండులో అడిగినవాడికి చెప్పినట్టే. ఆప్యాయత. ఫ్లింట్‌కీ పెదనాన్నకీ తేడా ఇదే. ఫ్లింట్ లాక్కోడానికి పరిగెత్తాడు, ఈయన ఇవ్వడానికి పరిగెత్తుతున్నాడు. నష్టం మాత్రం ఇద్దరివల్లా ఒకటే, అదే ఇబ్బంది.

సాహిత్యం చదివేవాళ్ళ దగ్గర ఈ ప్రస్తావన తెస్తే వెంటనే ఒక వాదన వస్తుంది. మంచి రచనకి స్పాయిలర్ ఉండదు, ముగింపు తెలిశాక పడిపోయేది అసలు గొప్పదే కాదు అని. 'మాయాబజార్' ఎన్నిసార్లు చూశాం? కురుక్షేత్రంలో ఎవరు గెలిచారో తెలియకనా జనం తెల్లవార్లూ చాపల మీద కూర్చుని తిరుపతి వెంకట కవుల నాటకాలు చూసింది? పీసపాటి రాయబారం పద్యం ఎత్తుకుంటే వన్స్ మోర్ కొట్టింది? కొంచెం చదువుకున్నవాళ్ళయితే 2011లో కాలిఫోర్నియా యూనివర్సిటీ, శాన్ డియాగోలో లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు సైకాలజిస్టులు చేసిన పరిశోధన కూడా తీస్తారు. చెహోవ్, అగాథా క్రిస్టీ లాంటివాళ్ళ కథల్ని కొంతమందికి ముగింపు ముందే చెప్పి, కొంతమందికి చెప్పకుండా చదివిస్తే, చెప్పించుకున్నవాళ్ళకే కథలు ఎక్కువ నచ్చాయని తేలింది. కాబట్టి ఏడుపులు ఆపండి అని సారాంశం.

ఈ వాదన కథలకి నిజమే. నేను ఒప్పుకుంటాను. కానీ మ్యాచ్ కథ కాదు. కథలో ముగింపు కనీసం ఒక్కడికి ముందే తెలుసు. రాసినవాడికి. మనకి తెలియకపోవడం ఆయన మనకి ఏర్పాటు చేసిన సౌకర్యం. మ్యాచ్‌లో ఎవడికీ తెలియదు. బంతి వేస్తున్నవాడికి తెలియదు, కొట్టబోయేవాడికి తెలియదు, కామెంటరీ చెప్పేవాడికి అసలే తెలియదు. మనం చూసే ఆట అంతా, ప్రతి అడుగూ, ఆ తెలియకపోవడంలోంచే పుడుతుంది. ఫలితం తెలియకుండా రికార్డింగు చూసేవాడు కూడా ఆ ఆటగాళ్ళతో సమానమైన అజ్ఞానంలో ఉంటాడు. ఒకరోజు ఆలస్యంగా అయినా సరే, వాళ్ళ పక్కనే నిలబడి ఉంటాడు.

మన పెద్దవాళ్ళు భారతాన్ని ఇతిహాసం అన్నారు. ఇతి, హ, ఆస. ఇలా జరిగింది కదా, అని. జరిగిపోయిందని తెలిసినదాన్ని చెప్పుకునే పద్ధతి అది. మ్యాచ్ 'ఇలా జరుగుతోంది' అనే పద్ధతి. ఫలితం తెలిసిన మరుక్షణం మ్యాచ్ ఇతిహాసంగా మారిపోతుంది. అది తక్కువరకం అని నేననట్లేదు. వేరే రకం.

2024 జూన్ 29, బ్రిడ్జ్‌టౌన్‌లో టీ20 వరల్డ్ కప్ ఫైనల్ తీసుకోండి. అక్షర్ పటేల్ ఓవర్లో 24 పరుగులొచ్చాక దక్షిణాఫ్రికాకి కావాల్సింది 30 బంతుల్లో 30. చేతిలో ఆరు వికెట్లు. క్రీజులో క్లాసెన్, మిల్లర్. ఇక్కడ అర్ధరాత్రి కావస్తోంది. మా వీధిలో సగం టీవీలు అక్కడే ఆగిపోయాయి. పడుకున్నవాళ్ళని లేపింది పటాకులు. దీపావళి కాని రోజు అర్ధరాత్రి పటాకులు పేలితే దానికి ఒకటే అర్థం. వాళ్ళు లేచి, కళ్ళు నులుముకుంటూ, ఆ ఐదు ఓవర్లూ మళ్ళీ పెట్టుకుని చూశారు. హాయిగా చూశారు. సూర్యకుమార్ బౌండరీ గీత దగ్గర మిల్లర్ క్యాచ్ పట్టడం పదిసార్లు చూశారు. కానీ వాళ్ళు చూసిన క్లాసెన్ వేరు. మెలకువగా ఉండి చూసినవాళ్ళకి ఆ సిక్సులు గుండెలో దిగిన గుండ్లు. పడుకుని లేచినవాళ్ళకి అవి సుయోధనుడి డాంబికాలు. ఎంత ఎగిరితే అంత, చివర తొడ విరిగేదే కదా అని ముసిముసిగా నవ్వుకుంటూ చూస్తారు. బంతులు అవే, జానర్ మారిపోయింది. స్పాయిలర్ చేసే పని అది. మనల్ని అడక్కుండా జానర్ మార్చేస్తుంది. తెల్లారేదాకా కురుక్షేత్రం చూడ్డానికి కూర్చున్నవాడు తెలిసే కూర్చున్నాడు, వాణ్ణెవరూ మోసం చెయ్యలేదు.

నేను తెలియకపోవడాన్ని ఇంత గొప్ప చేస్తున్నాను గానీ, టీవీ కంపెనీలు దాన్ని ఎప్పుడో సరుకుగా మార్చేశాయి. 1980 ఫిబ్రవరి 22న లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌లో అమెరికా కాలేజీ కుర్రాళ్ళ ఐస్ హాకీ జట్టు సోవియట్ జట్టుని 4-3తో ఓడించింది. అమెరికన్లు ఇప్పటికీ కథలుగా చెప్పుకునే మ్యాచ్. అది సాయంత్రం ఐదింటికి మొదలైంది. ఏబీసీ వాళ్ళు మాత్రం ఎక్కువమంది చూసే రాత్రివేళకి దాచిపెట్టి, అప్పుడు టేపు వేశారు. జిమ్ మెకే అనే వ్యాఖ్యాత మొదట్లోనే, ఆట అయిపోయింది, ఫలితం మాత్రం చెప్పం అని ఉన్నమాట చెప్పాడు. అయినా ఆ రాత్రి చూసినవాళ్ళలో చాలామందికి తాము చూసింది లైవ్ అనే గుర్తుండిపోయింది. నాకిది అద్భుతంగా అనిపిస్తుంది. దేశంలో అంతమంది ఒకేసారి తెలియకుండా ఉండగలిగితే, అది లైవే. గడియారం ఏం చెప్పినా సరే.

అదే పని ఇప్పుడు చేస్తే ఏమవుతుందో 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎన్‌బీసీ చూపించింది. ఈత పోటీల్ని అమెరికాలో రాత్రికి ఆపి వేస్తున్నారు. పదిహేడేళ్ళ మిస్సీ ఫ్రాంక్లిన్ 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్ రేసు ఇంకాసేపట్లో వస్తుందనగా, మర్నాటి పొద్దుటి కార్యక్రమం ప్రకటనలో ఆ అమ్మాయి బంగారు పతకంతో కనిపించేసింది. రహస్యాన్ని అమ్ముకుంటున్నవాళ్ళే దాన్ని కాపాడుకోలేకపోయారు. 1980లో దేశమంతా నోరు కట్టుకోవడం సాధ్యమైంది, ఎందుకంటే చెప్పడానికి నోళ్ళు తక్కువ. ఇప్పుడు ప్రతి జేబులోనూ ఒక నోరుంది.

అసలు లైవ్ అన్నమాటే అబద్ధమైపోయింది. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళందరికీ తెలుసు. మనది ఓటీటీ, పై ఫ్లాట్ వాళ్ళది డిష్. మన టీవీలో బౌలర్ ఇంకా చెయ్యి తుడుచుకుంటున్నాడు, పైనుంచి కుర్చీలు జరిగిన చప్పుడు, పెద్ద కేక. ఇంక ఆ బంతి చూసేదేముంది. ఎవరు గట్టిగా అరిచారో చూసి వికెట్టా సిక్సా అని కనిపెట్టే విద్య కూడా వచ్చేసింది. వాళ్ళ మీద అసోసియేషన్‌లో ఫిర్యాదు చెయ్యలేం కదా, మా కంటే అరనిమిషం ముందు సంతోషిస్తున్నారు అని.

సినిమావాళ్ళు మాత్రం ఈ చిక్కుని వేరే దారిలో దాటారు. (గౌతమ్ తిన్ననూరి 'జెర్సీ' చూడనివాళ్ళు ఈ పేరా వదిలేయండి. నిజంగానే వదిలేయండి.) స్పోర్ట్స్ సినిమాకి జానరే స్పాయిలర్. ముప్ఫై ఆరేళ్ళకి నాని బ్యాట్ పట్టాక హైదరాబాద్ రంజీ గెలుస్తుందని టికెట్ కొన్నప్పుడే మనకి తెలుసు. గౌతమ్ ఆ సంగతి పసిగట్టి, మ్యాచ్ ఫలితాన్ని మనకే వదిలేసి, రహస్యాన్ని తీసుకెళ్ళి ఇంకోచోట దాచాడు. ఎదిగిన కొడుకు సినిమా మొదట్లోనే మన ముందున్నాడు, తండ్రి మాత్రం లేడు. ఎందుకు లేడని అడగాలన్న ఆలోచన కూడా మనకి రాదు, మనం స్కోరు చూసుకుంటున్నాం. చివర్లో అర్జున్ ఎందుకు క్రికెట్ మానేశాడో తెలిసినప్పుడు, అప్పటిదాకా చూసిన ప్రతి సిక్సూ తిరిగొచ్చి వేరే అర్థంతో తగులుతుంది. 2019 తర్వాత ఆ సినిమా ముగింపుని ఎవరికి వాళ్ళు దాచిపెట్టి "చూడు, అంతే" అని చెప్పుకోవడం గమనించారా? తెలుగు ప్రేక్షకులు ఎవరూ నేర్పకుండా పాటించిన స్పాయిలర్ మర్యాదల్లో అదొకటి.

'83' సినిమాది ఇంకా విచిత్రమైన పరిస్థితి. 1983 జూన్ 18న టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జింబాబ్వే మీద ఇండియా 17కి 5. అక్కణ్ణుంచి కపిల్ దేవ్ 175 నాటౌట్. ఆ ఇన్నింగ్స్‌కి వీడియో లేదు. నలభయ్యేళ్ళుగా దేశం దగ్గర ఉన్నది ఫలితమొక్కటే, మ్యాచ్ లేదు. పుట్టుకతోనే స్పాయిలైపోయిన మ్యాచ్. కబీర్ ఖాన్ దాన్ని మళ్ళీ ఆడించినప్పుడు సిక్సులకి నాకేమీ అనిపించలేదు, అవి ఎలాగూ వస్తాయి. బయట వికెట్లు టపటపా పడుతుంటే కపిల్ ఇంకా స్నానాల గదిలో ఉండడం చూసినప్పుడు మాత్రం ఒక్క నిమిషం అంకెలన్నీ మర్చిపోయాను. ఆ గదిలో ఉన్నవాడికి 175 సంగతి తెలియదు. సినిమా అక్కడక్కడే మనల్ని తెలియనితనంలోకి తీసుకెళ్ళగలిగింది, మిగతాచోట్ల చప్పట్లు కొట్టించుకుంది.

ఇంక గొడవ దగ్గరికి వస్తే, లోకమంతా నా కోసం నోరుమూసుకోవాలని నేననను. పేపరు స్కోరు వేస్తుంది, వెయ్యాలి. సోషల్ మీడియా అంటే నడివీధి. అక్కడికెళ్ళి చెవులు మూసుకోలేదని వీధిని తిట్టడం బావుండదు. కానీ "ఇంకా చూడలేదా?" అన్న ఆ ప్రశ్నలో ఉండే ఆశ్చర్యం మాత్రం నాకు నచ్చదు. లైవ్ చూడ్డమనేది అందరికీ దొరికేది కాదు. నైట్ డ్యూటీ చేసే వాచ్‌మన్‌కి, కౌంటర్లో కూర్చున్న అమ్మాయికి, ఆపరేషన్ థియేటర్లో ఉన్నవాళ్ళకి, ఇంకో ఖండంలో ఉన్నవాళ్ళకి ఆట దొరికేదే ఆలస్యంగా. సోఫాలో కూర్చుని లైవ్ చూడగలిగినవాడు తన గడియారాన్నే లోకం గడియారం అనుకుంటాడు. ఎంతసేపు ఆగాలి అన్న లెక్క నాకు అందుకే పనికిమాలినదిగా కనిపిస్తుంది. అడగాల్సింది, నేను మాట్లాడుతున్న ఈ మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడు, ఏ ఓవర్లో ఉన్నాడు అని.

డాలస్‌లో మా బాబాయి కూతురు నర్సు. 2023 నవంబర్ 19 అహ్మదాబాద్ ఫైనల్ వాళ్ళకి తెల్లవారుజామున రెండున్నరకి మొదలైంది, తను డ్యూటీలో ఉంది. పొద్దున్న ఏడింటికి దిగి, ఫోన్ సొరుగులో పడేసి పడుకుంది. సాయంత్రం నాలుగింటికి లేచి, ఎవరూ ఏమీ చెప్పకండి అని రాద్దామని గ్రూపు తెరిస్తే, మ్యాచ్ మధ్యలోంచి ఒక్క మెసేజ్ లేదు. గెలిచిన రోజున నాలుగొందలుండే గ్రూపు అది. పెదనాన్న గులాబీ పువ్వు గుడ్ మార్నింగ్ కూడా పెట్టలేదు. బాబ్, టెర్రీలకి ఎఫ్ అక్షరమైనా దొరికింది, ఈ పిల్లకి అదీ లేదు. అయినా పెట్టుకుని కూర్చుంది.

పది ఓవర్లు అయ్యాయో లేదో పెదనాన్న ఫోన్ చేశాడు. ఇక్కడ అప్పుడు తెల్లవారుజామున నాలుగున్నర, ఆయన లేచే టైము.

"చూస్తున్నావామ్మా?"

"ఇప్పుడే పెట్టాను పెదనాన్నా."

"స్కోరెంత?"

"76కి రెండు. రోహిత్ అవుటైపోయాడు. హెడ్ వెనక్కి పరిగెత్తి పట్టాడు."

"అయ్యో," అన్నాడట ఆయన. "పర్లేదులే. కోహ్లీ ఉన్నాడుగా."